ముందు నువ్వు తిను

మగోజి ఎవరింట్లో తిన్నా సరే, పెట్టినవాళ్ళు ముందు రుచి చూడందే ముద్ద నోట్లో పెట్టేవాడు కాదు. కట్టుకున్న పెళ్ళాం ఇషి కాచిన కొర్ర జావకీ అదే పద్ధతి. "ముందు నువ్వు తిను" అనేవాడు. ఆమె ఒక గుక్క తాగి గిన్నె చేతికిచ్చేది. అప్పుడు కూడా కాసేపు ఆమె ముఖంలోకి చూసి గానీ తాగేవాడు కాదు. "ఇన్నేళ్ళ కాపురం చేశాక కూడా ఆ మనిషికి నేను విషం పెడతాననే ఉంది తమే" అని ఇషి నా దగ్గర నవ్వేది. నాకైతే నవ్వు వచ్చేది కాదు, ఒళ్ళు మండేది.

తమే అంటే నేనే, వాళ్ళ పక్కింటిదాన్ని. సోయాగింజలు ఉడికించి, ఉప్పేసి పులియబెట్టి మిసో ముద్ద చేసి అమ్ముకుంటాను. నా మిసో లేకుండా మగోజికి పని సాగదు. చేమ కాడలు ఎండబెట్టి, వాటిని నా మిసోలో ఉడకబెట్టి, మళ్ళీ ఎండబెట్టి తాళ్ళు పేనుతాడు. యుద్ధాలకి పోయే కాలిబంట్లు ఆ తాళ్ళతోనే మూటలు కట్టుకుంటారు. దారిలో ఆకలేస్తే ఒక జానెడు కోసి వేడినీళ్ళలో వేస్తే చారు తయారు. మంచి పనివాడే. కానీ మిసో కోసం వచ్చిన ప్రతిసారీ నా కుండ ముందు ఒక తతంగం.

"ముందు నువ్వు రుచి చూడు చెల్లీ."

"ఈ కుండలోది మా ఇంట్లో అందరం పొద్దున్నే తిన్నాం అన్నా. ఇంకా బతికే ఉన్నాం, చూడు."

"పొద్దున్న తిన్నారు. తర్వాత ఏం కలిపావో ఎవరికి తెలుసు?"

"నిన్ను చంపి నేను బావుకునేదేముంది? నీ చేమ కాడలా?"

"చంపేవాళ్ళకి ఏదో ఒకటి ఉంటుందిలే. రుచి చూడు."

చూసేదాన్ని. ఏం చేస్తాను, బేరం కదా.

అతనికి ఆ జబ్బు ఎందుకు పట్టిందో తెలిసినవాళ్ళం కాబట్టి ఊరుకునేవాళ్ళం. మగోజి పుట్టింది కొండకవతల ఊళ్ళో. అతను చిన్నపిల్లాడుగా ఉండగా ఒక సాయంత్రం ఏదో వంశం బంట్లు వచ్చి ఆ ఊళ్ళో దిగారట. ఊరంతా వండి పెట్టింది. వాళ్ళు కడుపునిండా తిని, పిల్లల్ని ఎత్తుకుని ఆడించి, తెల్లారాక అదే ఊరికి నిప్పు పెట్టి పోయారు. అంతకుముందు ఇంకో వంశానికి ధాన్యం ఇచ్చారన్నది ఆ ఊరి నేరం. మగోజి నీళ్ళ తొట్టిలో దాక్కుని బతికాడు. ఆ కథ చెప్పినప్పుడల్లా చావుల గురించి పెద్దగా చెప్పేవాడు కాదు. "తిన్న గిన్నెలు కడిగి ఇచ్చారు, తెలుసా" అనేవాడు. ఆ కడిగిన గిన్నెలే అతని మనసులో ఉండిపోయాయి.

తర్వాత తిరిగి తిరిగి మా ఇవాసే ఊరు చేరాడు. బొగ్గులు కాల్చేవాడి కూతురు ఇషిని చేసుకున్నాడు. ఆమెకి పుట్టుకతోనే తుంటి వంకర, నాలుగడుగులు వేస్తే కూలబడాలి. పిల్లలు లేరు. ఊరి చివర వెదురు తోపు పక్కన గుడిసె. జుట్టు నెరిసినా అతను మా ఊరివాడు కాలేదు, 'వచ్చినవాడు' గానే ఉండిపోయాడు. గుడి జాతరప్పుడు ఊరివాళ్ళం చెక్క అరుగు మీద కూర్చుంటాం. వచ్చినవాళ్ళు కింద గులకరాళ్ళ మీద కూర్చోవాలి. వానొస్తే తడవాలి. ఏటి నీళ్ళలో కూడా ఊరివాళ్ళ పొలాలు తడిశాక మిగిలితేనే వాళ్ళ వంతు.

ఇక మా ఊరి గతి చెప్పాలంటే, సరస్సుకి తూర్పున లోయలో రెండు వంశాల మధ్య ఇరుక్కున్నాం. కింద కుసాబే వంశం, పైన ఓగుచి వంశం. పంటలో సగం వాళ్ళకి కొలిచేవాళ్ళం, సగం వీళ్ళకి. మాకు మిగిలేవి చేమదుంపలు. ఇద్దరూ మమ్మల్ని మా మనుషులంటారు, ఇద్దరూ మమ్మల్ని నమ్మరు. మేమూ నమ్మం.

ఆ ఏడు చలి మొదలవుతుండగా, జోరు వానలో, నది ఒడ్డున రెండు వంశాలూ కొట్టుకున్నాయి. ఓగుచి వాళ్ళు ఓడిపోయారు. ఓడినవాళ్ళు కొండదారి పడతారని అందరికీ తెలుసు. మా మగాళ్ళు వెదురు ఈటెలు చెక్కుకుని దారి కాశారు. ఇది తప్పంటారేమో, అనండి. గెలిచేటప్పుడు మా పంట తొక్కిపోతారు, ఓడేటప్పుడు మా ఇళ్ళు దోచుకుపోతారు. ఒంటరిగా దొరికినవాడి కవచంతో మాకు ఒక నాగలి కర్రు వస్తుంది. అన్ని ఊళ్ళూ చేసేదే మేమూ చేశాం.

పొరపాటు ఎక్కడ జరిగిందంటే, కాగితం దగ్గర. కుసాబే వాళ్ళు ఆ రోజు తమవాళ్ళని గుర్తుపట్టడానికి ఎడమ భుజానికి తెల్లకాగితం కట్టుకున్నారు. వానలో కాగితం ఎంతసేపుంటుంది? ఊరిపెద్ద కన్‌జెమోన్ రెండో కొడుకు తొకుజి వెదురు తోపులో ఒక రౌతుని పట్టుకున్నాడు. గుర్రం లేదు, భుజం మీద ఏ గుర్తూ లేదు. పారిపోయేవాళ్ళు ముందు చేసే పని గుర్తు పీకి పారెయ్యడమే. "నేను కుసాబే వాణ్ణి, దారి తప్పాను" అని ఆ మనిషి అరిచాడట. పారిపోయే ప్రతివాడూ గెలిచినవాళ్ళ పేరే చెప్తాడు. తొకుజి నమ్మలేదు. పొడిచాడు. తర్వాత కవచం విప్పుతుంటే భుజం ముడిలో తడిసి ముద్దయిన కాగితం ముక్క దొరికింది.

తోపు నించి ఇంటికొచ్చేటప్పుడు తొకుజి నా గుమ్మం ముందే నడిచాడు. ఇరవై దాటిన కుర్రాడు, ఎప్పుడూ ఎగిరిపడుతూ ఉండేవాడు. ఆ రోజు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఏంట్రా?" అంటే తల వంచుకుని దాటిపోయాడు.

చచ్చినవాడు కుసాబే వంశంలో కాస్త పేరున్న ఇంటివాడు. శవం దొరికింది. ఒక రౌతు వచ్చి గుడి ముందు గుర్రం దిగకుండానే చెప్పిపోయాడు. "చంపినవాణ్ణి నెల నిండేలోగా తెచ్చి అప్పగించండి. లేకపోతే ఊరుండదు."

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మా ఊళ్ళకి పాత పద్ధతి ఒకటుంది. చంపినవాడే పోవాలని లేదు. ఊరి తరఫున ఒక మనిషి పోయి వాళ్ళ ముందు తల వంచుకుని కూర్చుంటాడు. వాళ్ళ ఇష్టం, నరకొచ్చు, ముఖం చూసి పంపెయ్యొచ్చు. నరికినా పంపినా పగ అక్కడితో చెల్లిపోయినట్టే, దాన్ని మళ్ళీ ఎత్తకూడదు. మా తాత కాలంలో ఒకణ్ణి ముఖం చూసి పంపేశారని చెప్పుకుంటారు. నా ఎరుకలో మాత్రం వెళ్ళినవాడెవడూ తిరిగి రాలేదు.

పెద్దలు గుళ్ళో తలుపులు వేసుకుని మాట్లాడుకున్నారు. ఆ మర్నాటి నించి మగోజి ఇంటికి ఏవో రావడం మొదలయింది.

మొదట ముల్లంగి కట్టలు వచ్చాయి. ఎవరో కొత్త గడ్డి చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టిపోయారు. తర్వాత బియ్యపు ఉండలు వచ్చాయి. ఏటి కాలవ తవ్వేవాళ్ళు వచ్చి, అడక్కుండానే అతని చేమ మడికి నీళ్ళు మళ్ళించారు. "మగోజి గారూ" అని పిలుస్తున్నారు! నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. నిన్నటిదాకా 'ఒరేయ్ వచ్చినోడా' అన్న నోళ్ళు అవి. ఏటిగట్టు మీద నేను కనబడితే ఆడవాళ్ళు మాట మార్చేస్తున్నారు. ఏదో ఉడుకుతోందని నాకు అనుమానం పట్టుకుంది. ఎవర్నడిగినా, "పాపం, మంచివాడు కదా" అంటారు. మంచివాడని ఇన్నేళ్ళకి తెలిసిందా?

ఊరిపెద్ద స్వయంగా కుండ మోసుకుని వచ్చిన రోజున నాకు అనుమానం పోయి భయమే పట్టింది. అందులో ఉప్పూ అన్నమూ పట్టించి ఏడాది పొడుగునా ఊరవేసిన సరస్సు చేప ఉంది. పెద్దయ్య ఇంట్లో కూడా పండక్కి తప్ప మూత తియ్యరు దాన్ని.

"మగోజీ, గుడి పూజకి రా. అరుగు మీద నా పక్కన కూర్చుందువుగాని" అన్నాడు కన్‌జెమోన్. మాట్లాడుతూ చెయ్యి పట్టుకున్నాడు కూడా.

మగోజి కుండ మూత తీశాడు. చేప ముక్క ఒకటి తీసి, ఎవర్నీ రుచి చూడమనకుండా, నోట్లో వేసుకుని నమిలాడు. ఈ మనిషికేమైంది? బతుకంతా అనుమానించి అనుమానించి, అనుమానించాల్సిన ఒక్క రోజున నోరు తెరుచుకు తింటాడా?

పెద్దయ్య వెళ్ళగానే నేను కంచె దాటి వెళ్ళాను.

"అన్నా, నీకు బుర్ర పనిచేస్తోందా? వీళ్ళు ఊరికే పెట్టట్లేదు. నిన్ను కుసాబే వాళ్ళకి అప్పగించబోతున్నారు."

"తెలుసు."

"తెలుసా? ఎప్పట్నించి?"

"ముల్లంగి కట్ట వచ్చిన రోజు నించి. ఈ ఊళ్ళో నాకు ముల్లంగి ఎవరిచ్చారు చెల్లీ ఎప్పుడైనా?"

"మరి రుచి చూడమనకుండా ఆ చేప అలా తినేశావేం?"

అతను వేళ్ళు నాక్కుని నవ్వాడు. అతను నవ్వగా అంతకుముందు ఎప్పుడూ చూడలేదు నేను. "చంపించబోయేవాడికి విషం ఎవరు పెడతారు? ఈ నెలంతా నాకు జలుబు కూడా చెయ్యకుండా చూసుకుంటారు వాళ్ళు. నా బతుకులో భయం లేకుండా తింటున్న తిండి ఇదే. చాలా బాగుంది. నువ్వూ ఒక ముక్క తిను."

నాకు ఏడుపొచ్చింది. "పారిపో అన్నా" అన్నాను.

"ఇషి నడవలేదు. మొయ్యడానికి నేను కుర్రాణ్ణి కాను. పోనంటే కట్టేసి తీసుకుపోతారు. అది కూడా తెలుసు." చేప ముల్లు తీసి పక్కన పెట్టాడు. "నేను పోయాక ఇషికి తిండి పెడతామంటారు. పెడతారా?"

పెడతారని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మొదటి చలికాలం పెడతారు, రెండో చలికాలానికి మర్చిపోతారు.

"చూశావా, నువ్వూ నమ్మట్లేదు" అన్నాడు మగోజి.

పెద్దలు అసలు మాట ఎత్తడానికి వచ్చినప్పుడు నేను కదల్లేదు. ఇషి పక్కనే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. కన్‌జెమోన్ చాలాసేపు నీళ్ళు నమిలాడు. ఊరి కోసం, గుడి కోసం, అన్నాడు. మగోజి ఇల్లు ఇకనించి ఊరి ఇల్లే అన్నాడు. ఆ ఇంటికి పన్ను ఉండదు, ఇషిని ఊరంతా అమ్మలా చూసుకుంటుంది అన్నాడు. వెనకాల ముసలాళ్ళు తలలూపారు.

"అంతా బాగుంది పెద్దయ్యా. నేను వెళ్తాను" అన్నాడు మగోజి. వాళ్ళు లేవబోయారు. "కానీ మీ మాట నేను నమ్మను."

"గుడి ముందు ప్రమాణం చేస్తాం."

"దేవుడికి ఆకలెయ్యదు కదా, ఇషికి తిండి పెట్టకపోతే ఆయనకేం తెలుస్తుంది? పెద్ద వంశాల వాళ్ళు ఒకర్నొకరు నమ్మనప్పుడు ఏం చేస్తారో మీకూ తెలుసు. బిడ్డల్ని పంపించుకుంటారు. వీడి బిడ్డ వాడి కోటలో ఉంటాడు. మాట తప్పితే బిడ్డ పోతాడు. నాకూ ఒక బిడ్డ కావాలి. మీ తొకుజిని నాకు దత్తత ఇవ్వండి. ఈ గుడిసెలో ఉంటాడు, నా ఇంటిపేరు పెట్టుకుంటాడు, ఇషి పెట్టింది తింటాడు. ఈ ఇంటికి నీళ్ళాపితే మీ నెత్తురికే ఆపినట్టు."

కన్‌జెమోన్ ముఖం నల్లబడింది. "వాడేనా? పోనీ, మా తమ్ముడి కొడుకు..."

"పొడిచినవాడే కావాలి."

ఆ మాట అంతవరకూ ఊళ్ళో ఎవరూ పైకి అనలేదు. ముసలాళ్ళు నేలచూపులు చూశారు. ఇషి మాత్రం, "ఎవడైతేనేం, మన పొయ్యి దగ్గర ఇద్దరికే చోటుంది" అని ఏడుస్తూ అంది. "నేను పోతాగా, సరిపోతుంది" అన్నాడు మొగుడు.

అలా తొకుజి వచ్చాడు. తండ్రీకొడుకులైనందుకు గుర్తుగా గుడి అరుగు మీద ఇద్దరూ ఒకే గిన్నెలో తాగాలి. సాకే అనే బియ్యపు సారా పోసిన గిన్నె మగోజి చేతికివ్వబోతే, "ముందు నువ్వు తాగు" అన్నాడు తొకుజితో. వాడు తాగాడు. సగం ఒలకబోశాడు. మర్నాడు మగోజి కొత్త గడ్డి చెప్పులు వేసుకుని, కుసాబే కోటకి నడిచిపోయాడు. ఊరివాళ్ళు ఊరి సరిహద్దు దాకా ఏడుస్తూ సాగనంపారు. ఇళ్ళకి తిరిగొచ్చేటప్పుడు మాత్రం నవ్వుకుంటూ మాట్లాడుకుంటూ వచ్చారు. నేను చూశాను.

కొన్నాళ్ళు పోయాక ఒక మధ్యాహ్నం మగోజి తిరిగొచ్చాడు.

నడుచుకుంటూ, సరిగ్గా వెళ్ళిన దారినే వచ్చాడు. నెత్తి మీది ముడి కోసేశారు, మిగిలిన జుట్టు విరబోసుకుని ఉంది, అంతే. ఒంటి మీద గాయం లేదు. ఇషి గుమ్మంలో కూలబడి అతని కాళ్ళు పట్టుకుంది. తొకుజి పేనుతున్న తాడు చేతిలోంచి జారిపోయింది.

"ముఖం చూశారు, పంపేశారు" అన్నాడు మగోజి. అంతకుమించి మాట రాలేదు.

ఊరు సంబరపడాలి కదా. ఎవరూ సంబరపడలేదు. చెవులు కొరుక్కోవడం ఆ సాయంత్రానికే మొదలయింది. కుసాబే వాళ్ళు ఊరికే వదిలేస్తారా? వదలరు. అంటే ఇతను ఏదో ఇచ్చి బతికొచ్చాడు. ఇతని దగ్గర ఇవ్వడానికి ఏముంది? ఒక పేరుంది. తొకుజి పేరు. 'పొడిచినవాడే కావాలి' అన్నాడుగా, ఎందుకన్నాడు? చేతికందేలా ఇంట్లో కట్టేసుకోవడానికే. ఇలా ఒకళ్ళొక ముక్క కలుపుతుంటే కథ పెరిగింది. నిజం చెప్పాలంటే, నాకూ అది కుదురుగానే తోచింది. అంత అనుమానపు మనిషి, తన ప్రాణం పోతుంటే ఇంకొకడి పేరు దాచిపెడతాడా అని నాకూ అనిపించింది. మనసులో పెట్టుకుని తిరగడం నా వల్ల కాదు. వెళ్ళి అడిగేశాను.

"అన్నా, పేరు చెప్పావా?"

"నేను చెప్పలేదంటే నమ్ముతావా?"

"చెప్పి చూడు."

"చెప్పలేదు."

నేను అతని ముఖంలోకే చూస్తూ నిలబడ్డాను. జావ తాగే ముందు అతను ఇషి ముఖంలోకి చూసేవాడే, అలాగ. అతను అది గమనించి, "ఇప్పుడు నీకు తెలిసిందా, ఎలా ఉంటుందో" అన్నాడు. నాకు సిగ్గేసింది. సిగ్గేసినా అనుమానం పోలేదు.

ముల్లంగులు ఆగిపోయాయి. కాలవ మళ్ళీ ఊరివాళ్ళ పొలాల వైపు తిరిగింది. గుడి అరుగు మీద అతని చోట్లో ఎవరో బుట్ట పెట్టేశారు. కన్‌జెమోన్ రోజూ గుడిసె చుట్టూ తిరుగుతూ కొడుకుని పిలిచేవాడు.

"ఒరేయ్, రా ఇంటికి. కొండ మీద మీ మేనమామ ఉన్నాడు, అక్కడ దాక్కుందువుగాని. ఆ వచ్చినోడు నిన్ను అమ్మేశాడు."

తొకుజి గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూసేవాడు. వాడికీ నమ్మకం లేదు. మగోజి వంక చూసే చూపులోనే తెలిసేది. కానీ దత్తత పోయినవాడు ఇల్లు వదిలితే ఊరి మాట పోయినట్టే, గుడి అరుగు మీద ఇచ్చిన మాట అది. "పోతే పో. కట్టెయ్యలేదుగా నిన్ను" అన్నాడు మగోజి చేమ కాడలు తిరగేస్తూ. వాడు పోలేదు. ఎందుకో వాడికే తెలియాలి. పూటపూటా జావ కాగినప్పుడు, "ముందు నువ్వు తిను" అనేవాడు మగోజి. వాడు తిని గిన్నె ఇచ్చేవాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ తినేవాళ్ళు. మధ్యలో ఇషి కూర్చుని, "ఇదేం కాపురంరా భగవంతుడా" అనేది.

మంచు పడబోయే రోజుల్లో, పొద్దున్నే, లోయ దారిలో గుర్రాలు కనిపించాయి. కుసాబే జెండా. ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. గుర్రాలు ఎక్కడా ఆగకుండా, ఊరు దాటి, ఊరి చివర వెదురు తోపు వైపే వస్తున్నాయి. ఇక అనుమానం ఏముంది? అయిపోయింది అనుకున్నాను. నా గుమ్మంలో గెడకర్ర పట్టుకుని నిలబడ్డాను. గెడకర్రతో ఏం చేద్దామనుకున్నానో నాకే తెలీదు.

ముందున్న రౌతు గుడిసె ముందు గుర్రం ఆపాడు. అతను నోరు తెరిచేలోగా, కన్‌జెమోన్ ఎక్కణ్ణించి పరిగెత్తుకొచ్చాడో, బురదలో గుర్రం కాళ్ళ ముందు సాష్టాంగపడ్డాడు.

"దొరా! ఊరిని కాల్చకండి దొరా! మీకు ఈ మగోజి చెప్పేసిన సంగతి మాకు తెలుసు. మేం దాచట్లేదు, నేనే చెప్తున్నాను. మీవాణ్ణి పొడిచింది వాడే, తొకుజి. అదిగో, ఆ గుడిసెలోనే ఉన్నాడు. ఊరికి ఏ పాపం తెలీదు. తీసుకుపోండి!"

తొకుజి గుమ్మంలోనే ఉన్నాడు. కన్నతండ్రి వేలు తన వైపు చాపి ఉండడం వాడు చూశాడు.

రౌతు కాసేపు ఏమీ అర్థం కానట్టు చూశాడు. "మేం తాళ్ళ కోసం వచ్చాం" అన్నాడు.

కన్‌జెమోన్ తలెత్తాడు.

"వసంతంలో యుద్ధముంది. చేమ తాళ్ళు బోలెడు కావాలి. తాళ్ళు పేనుతానని, ఇక్కడే ఉంటానని ఈ పనివాడు ఆ రోజు కోటలో చెప్పాడు" అన్నాడు రౌతు. అప్పటికి విన్నది మనసుకెక్కింది కాబోలు, ముఖం మారిపోయింది. గుర్రం దిగాడు. చెయ్యి కత్తి పిడి మీదికి వెళ్ళింది. "చచ్చినవాడు నా తమ్ముడు" అన్నాడు.

మగోజి తాళ్ళ గుట్ట మధ్యనించి లేచి వచ్చి, తొకుజికి ముందు నిలబడ్డాడు. వయసుకి వంగిన మనిషి, ఆ కుర్రాడి భుజం దాకా కూడా రాడు.

"దొరా, ఈ పెద్దయ్య చెప్పినవాడు ఈయన కొడుకు. ఆ కొడుకు ఇప్పుడు లేడు. వీడు నా కొడుకు. కోటలో మీ అమ్మగారు మా ఇంటి ముఖం చూసి పంపేశారు, ఈ ఇంటి మీద పగ చెల్లిపోయింది."

రౌతు మగోజితో కాదు, బురదలో ఉన్న పెద్దయ్యతో మాట్లాడాడు.

"ఇతను చెప్పేశాడన్నావు. ఏం చెప్పాడో విను. మా అమ్మ ముందు వానలో కూర్చోబెట్టాం. 'నా బిడ్డని ఎవరు చంపారు?' అనడిగింది. 'నేనే' అన్నాడు. 'ఎక్కడ పొడిచావు?' అంది. 'డొక్కలో' అన్నాడు. మా తమ్ముణ్ణి పొడిచింది మెడలో. 'నువ్వు కాదు, చంపినవాడి పేరు చెప్పు, నీ ప్రాణం నీకిస్తాను' అంది. 'నేనే' అన్నాడు. రేపటిదాకా అడిగినా అదే అనేవాడు. అమ్మ లేచి, 'తలకి బదులు వీడి ముడి కోసి పంపెయ్యండి, ఇంట్లో నడవలేని మనిషి ఉందట' అంది." అతను కత్తి మీంచి చెయ్యి తీశాడు. తియ్యడానికి ఎంత కష్టపడ్డాడో నేను చూశాను. "అమ్మ ముగించిన దాన్ని నేను ఎత్తను. నీకు కొడుకులెందరు?"

"ఇద్దరు దొరా" అన్నాడు కన్‌జెమోన్.

"ఒకడు" అని చెప్పి గుర్రమెక్కాడు.

తాళ్ళు మంచు కరిగేలోగా కావాలని చెప్పి వెళ్ళిపోయారు. తమ్ముణ్ణి చంపిన ఊరి తాళ్ళతోనే మూటలు కట్టుకుని ఇంకో ఊరి మీదికి పోతారు. నాకు వాళ్ళమీద కోపం రాలేదు. కోపమంతా బురదలోంచి లేస్తున్న ఆ మనిషి మీదే వచ్చింది. ఆయన మోకాళ్ళు దులుపుకుని, "ఒరేయ్ తొకుజీ..." అని ఒకడుగు వేశాడు. తొకుజి వెనక్కి తిరిగి లోపలికి పోయాడు. గడప లోపల తాడు పేనే చోట కూర్చుని, కాడలు చేతిలోకి తీసుకున్నాడు. పెద్దయ్య ఇంకా ఏదో అనబోతే నేను గెడకర్ర నేలకేసి కొట్టాను. వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇషికి కాళ్ళు చేతులు ఆడలేదు. పొయ్యి దగ్గర తొకుజే కూర్చున్నాడు. వాడికి వంట రాదు. చేమదుంపలు, కొర్రలు, నా మిసో అన్నీ ఒకేసారి పడేసి కాచాడు. నేను కొత్త మిసో కుండ ఇవ్వడానికి వెళ్ళాను కాబట్టి చూశాను. వాడు గిన్నెలో పోసి, అలవాటు ప్రకారం, ముందు తను తాగడానికి నోటి దాకా తీసుకెళ్ళాడు.

మగోజి చెయ్యి చాపి ఆ గిన్నె అందుకున్నాడు. వాడి ముఖంలోకి చూడలేదు. ఇషి ముఖంలోకీ చూడలేదు. గిన్నె ఎత్తి, వేడి వేడిగా, గడగడా తాగాడు. తొకుజి మోకాళ్ళలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

మగోజి మూతి తుడుచుకున్నాడు.

"ఉప్పెక్కువైంది" అన్నాడు. "ఇంకాస్త పోయ్."